కార్బన్ కాగితం

పటాలం నుంచి కవరొచ్చింది, నలభై ఫారాలతో.
యూనిట్ చరిత్ర పుస్తకం వేస్తారట.
ఉద్దానం వైపు బతికున్నవాళ్లని కలిసి
జ్ఞాపకాలు పట్టుకురమ్మన్నారు.
నేనక్కడ క్లర్కుని. తుపాకీ కన్నా
టైపు మిషను ఎక్కువ పేల్చినవాణ్ణి.

నంబరు, పేరు, ర్యాంకు, పాల్గొన్న చర్య, తేదీ.
'మరపురాని సంఘటన'కి నాలుగు గీతలు.

దుంపల తవిటయ్య సోంపేట ఆసుపత్రిలో దొరికాడు,
చేతిలో సూది, పక్కన రక్తం కడిగే యంత్రం.
పేరు గడి దగ్గరే ఆగిపోయాడు.
"నా ముందు ముగ్గురు పోనారు బావూ.
మాయమ్మ నన్ను సేటలో ఏసి
తవుడికి అమ్మీసి మళ్లీ కొనుక్కుంది.
అందుకే లంకలో ఆ మందుపాతర నన్ను ఒగ్గీసింది. రాసుకో."
చర్య సంగతి అడిగాను.
"అక్కడా ఈ తాటిసెట్లే, ఈ ఇసకే.
రేత్రి ఓడ దిగితే బారువ రేవులో దిగినట్టుండీది.
ఎదురొచ్చినోడూ మనలాగే లుంగీ ఎగ్గట్టీవోడు.
ఏ గడిలో ఏస్తావో ఏసుకో."

బమ్మిడి గవరయ్య కంచిలిలో జీడిపిక్కలు కాలుస్తున్నాడు.
పొగలో కూర్చోబెట్టి ఒక్కటే చెప్పాడు:
"ముసిలమ్మ నీళ్లిచ్చింది. చల్లటి బావి నీళ్లు.
తాగీసి, గ్లాసు కింద పెట్టి,
ఆ ఇల్లే సోదా సేసినాం."
చాలాసేపు పిక్కలు తిప్పాడు.
"ఇది రాయకు."
రాసింది కొట్టేశాను. కొట్టేసినా కనబడుతోంది.

జాబితాలో లేని మనిషి ఒకామె
కవిటి దగ్గర, గేటు లోపల నుంచి పిలిచింది.
వజ్జ జోగారావు భార్య, దమయంతి.
"బతికున్నోళ్లకేనా ఫారం?"

ట్రంకుపెట్టె లోంచి ప్లాస్టిక్ కవరు తీసింది.
దాన్లో ఉత్తరం, మడతల దగ్గర బట్టలా మెత్తబడి.
అప్పట్లో పోస్టుమాస్టరు చదివి చెప్పాడట:
ధైర్యంగా పోరాడాడు, బాధ పడలేదు,
ఆఖరి మాట ఇంటి గురించే.

"ఆ మాట మీద ఇరవయ్యేళ్లు బతికీసినాను.
తరవాత పింఛనాఫీసులో
మందస సుభద్ర పక్కన కూకున్నాను.
దాని సంచిలోనూ ఇదే ఉత్తరం. అచ్చరం తేడా నేదు.
ఇద్దరు మొగోళ్లు ఒకే మాట అనీసి పోతారా బావూ?"

చదవక్కర్లేకపోయింది నాకు.
ప్రతి వాక్యంలోనూ ఒక అక్షరం కాస్త పైకి లేచి ఉంది.
నా మిషనుకే ఉండేది ఆ జబ్బు.
ఆ వారం పదకొండు.
మూడేసి కార్బన్లు పెట్టి కొట్టాను,
పేరు చోట ఖాళీ వదిలి.

చెప్పాను. తిట్టలేదు.
"ఎలా పోయాడో తెలీదా?"
"తెలీదు. నేను ఆఫీసు గుడారంలో ఉన్నాను."
"మొకం?"
గుర్తు రాలేదు. నంబరు గుర్తుంది, చెప్పాను.
"అది నాకూ వచ్చు," అంది,
సగం నుంచి అందుకుని.

ఆ తర్వాత గుమ్మంలో కూర్చుంది.
"అయితే నాను సెప్తాను, నువ్వు రాయి.
సెలవుకి వొచ్చిన పూట బూట్లు ఇప్పీవోడు కాడు,
పాదాలు సిగ్గు పడతన్నాయనీవోడు.
పనసకాయ కోసినప్పుడు
సేతికి నూని రాసుకోడం మరిసిపోయీవోడు.
ఆ బంక నా జడకి అంటీది.
కత్తెరతో కత్తిరించాను ఓసారి. ఈ పక్కన."

నాలుగు గీతలు నిండాయి.
కాగితం వెనక్కి తిప్పాను.
బల్లి అంటే భయమట. పాటంటే రాదట, పాడేవాడట.
రాస్తుండగా కరెంటు పోయింది.
ఆమె దీపం తేలేదు, ఆగలేదు.
నేనూ ఆపలేదు.

చీకట్లో వరస మీద వరస పడి
ఆ చివర ఏం రాశానో ఇప్పుడు నాకే తెలియడం లేదు.
సాపు రాయలేదు.
కింద మూలన నా పొడి అక్షరాలు వేసి
అలాగే పంపాను.