నిలకడ మీద

డండీలో రాత్రి రెండు. టే నది ఒడ్డున పదకొండు సెన్సర్లు,
ఒక్కోటీ పక్కదాన్నే అడుగుతుంది
"నీళ్లు నీ దాకా వచ్చాయా?" అని.

ఆ నోటా ఈ నోటా పడి
తన మాటే చుట్టు తిరిగి తన గుమ్మంలోకొస్తే
"చూశారా, వాళ్లూ అదే అంటున్నారు" అనుకుని
మూడో నంబరుది పొంగిపోయింది.

తెర మీద గీత ఊగుతోంది:
వరద, లేదు, వరద.
నాలుగొందల సార్లు తిప్పినా అదే తంతు.

ఐల్సా టీలో పాలు కలుపుతూ
"కొత్త మాట సగమే నమ్ము,
పాతది సగం అట్టే పెట్టుకో" అంది.

ఊపు తగ్గింది. ఇంకా తగ్గింది.
గీత ఎక్కడో ఒకచోట చతికిలబడింది,
నూటికి ముప్పై దగ్గర.

నిజం నిలకడ మీద తెలుస్తుందనేది మా మేనత్త,
పాలవాడి పద్దు విప్పినప్పుడల్లా.
నిలకడైతే వచ్చింది అత్తా.
వచ్చి కూర్చున్నది నిజమింట్లోనో
దాని పొరుగింట్లోనో.

తెల్లారాక బూట్లేసుకుని వెళ్లి
మూడో నంబరు కింద రాయి తడిమాను.
రాయికి ముప్పై తెలీదు.
పొడిగా ఉంది.

జానెడు అవతల, తడి.