అవుట్‌బాక్స్‌లో ఒకటి

పేరేచర్ల దారిలో కోల్డ్ స్టోరేజీ.
బయట ఏప్రిల్, లోపల మాఘమాసం.
తలుపు తీస్తే ముందు ఘాటు పలకరిస్తుంది,
మనుషులు తర్వాత.

"మెయిల్ తెరుస్తానా బాజీ గారూ,
కాసేపు బుద్ధిగానే ఉంటుంది,
ఉన్నట్టుండి తెల్లబోతుంది" అంది సువార్త,
లెక్కలు రాసే గుమాస్తా,
స్వెట్టర్ మీద కొంగు బిగించుకుని.

తెల్లబోవడం. సరైన మాటే.
విండో మీద మీగడ కట్టినట్టు ఒక తెలుపు,
పైన పేరు పక్కన "స్పందించడం లేదు",
గానుగెద్దులా తిరుగుతూ ఒక చిన్న సున్నా.

"లక్ష టిక్కీలు చలిలో దాస్తున్నాం,
ఇదీ గడ్డకట్టుకుపోయిందేమో"
హమాలీల మేస్త్రి గుమ్మంలోంచి నవ్వాడు.

ముందు పెట్టె విప్పాను.
ఫ్యాను రెక్కల మీద ఎర్రటి బూజు.
తేజానో బాడిగో ఊదితే గానీ తెలియలేదు.
ఏడు తుమ్ములు. తేజానే.
దుమ్ము వదిలింది. జబ్బు వదల్లేదు.

పిలవని పేరంటానికొచ్చినవాళ్లని
పంక్తిలోంచి లేపినట్టు
యాడ్-ఇన్‌లు ఒక్కొక్కటే లేపాను.
యాంటీవైరస్‌ని కాసేపు అరుగు మీద కూర్చోమన్నాను.
మెయిళ్ల ఫైలు పంతొమ్మిది జీబీ:
పద్నాలుగేళ్ల ధరల పట్టీలు, తేమ శాతాలు,
ఎవరూ విప్పని దీపావళి శుభాకాంక్షలు.
కుదించాను. గంటన్నర పట్టింది.
సువార్త టీ తెప్పించింది, టీలోనూ కారమే.
మళ్లీ తెరిచాను.
పదో నిమిషం, తెల్లబోయింది.

అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకి.
పొద్దుటి నుంచీ ప్రతిసారీ పదో నిమిషమే.
దుమ్ముకి వేళ ఉండదు, బరువుకి వేళ ఉండదు,
వేళకొచ్చేది చలిజ్వరం ఒక్కటే.
ఎవరో లోపల ఇరుక్కుని
పది నిమిషాలకోసారి
బయటికి పోతానని తలుపు బాదుతున్నారు.

నెట్ తీగ పీకాను.
ఆఫ్‌లైన్‌లో పెట్టి అవుట్‌బాక్స్ తెరిచాను.
ఒకే ఒక్కటి. జనవరి తొమ్మిది నాటిది.
వీపు మీద నలభై ఒక్క ఎంబీ మూట.
వెళ్లాల్సింది యజమానికి.
విషయం: రాజీనామా.

కళ్లు తిప్పుకున్నాను, కాస్త ఆలస్యంగా.

"పోలేదా?"
అడిగింది నన్ను కాదు, తెరని.
"పోనే లేదా ఇది?"

మూడు నెలలు.
ఆయన చదివి ఊరుకున్నాడనుకుంది.
ఉలకకపోవడమే జవాబనుకుంది.
"ఏం అమ్మాయ్" అని ఆయన నవ్వినప్పుడల్లా
ఆ నవ్వులో ఎగతాళి వెతుక్కుంది.
మొన్న బంగినపల్లి బుట్ట పంపితే
లంచమనుకుని పక్కింట్లో ఇచ్చేసింది.
ఆయనకి తెలిసిందల్లా ఒకటే,
"మెయిల్ ఆగుతోంది, బాజీని పిలవండి."

"ఇంత బరువెట్టా అయిందమ్మా?"
"సర్టిఫికెట్లు పెట్టానండి. పదో తరగతి నుంచి ఎంకామ్ దాకా."
"మానేసేదానికి సర్టిఫికెట్లెందుకు?"
ఆమె కీబోర్డు మీది ఎర్రటి పొడి
వేలితో ఒకచోటికి పోగు చేసింది.
"పన్నెండేళ్ల నుంచి అమ్మాయ్, అమ్మాయ్ అంటారండి.
వెళ్లేముందైనా నేనెవరో తెలియాలి గదా."

నేనేం మాట్లాడను?
నా పని బరువు దించడం.
స్కాన్లు ఊడదీసి డెస్క్‌టాప్ మీద వేరే ఉంచాను.
మిగిలినవి ఆరు వాక్యాలు, నాలుగు కేబీ. ఈక.
చిత్తుప్రతి చేసి ఆమె ముందు పెట్టి
తీగ మళ్లీ గుచ్చాను.
పదో నిమిషం వచ్చింది. పదకొండోది వచ్చింది.
తెర మీద రంగు చెక్కుచెదరలేదు.

రసీదు పుస్తకం తీసి ఆరు వందలని రాస్తున్నాను.
ఆమె కుర్చీ దగ్గరికి లాక్కుంది.
జనవరి చెరిపి ఏప్రిల్ కొట్టింది.
"అమ్మాయి" అన్న మాట ఎక్కడో ఉంటే తీసేసింది.
చెయ్యి మౌస్ మీద ఆగింది.

అదే క్షణాన లోపలి గది తలుపు తెరిచి
ఎవరో బస్తా దభీమని దించారు.

సెండ్ నొక్కిందో, మూసేసిందో
నేను చూళ్లేదు.
ఎనిమిదో తుమ్ము.