ఆరో రంగు చొక్కా

మొదట జీతం లేదు.
టొపీకాలో ఏడాది పాటు
ఎవరెవరి చెమటో బెంచీల మీంచి తుడిచి
కారు వెనక సీట్లో పడుకున్నాడు వెండెల్ ప్రూయిట్.

తర్వాత హెడ్ కోచ్ ఓడినప్పుడల్లా
ఇతని ఈల కూడా అట్టపెట్టెలోకి.
ఇది ఆరో ఊరు, ఆరో రంగు చొక్కా;
పిడి విరిగిన కాఫీ మగ్గు మాత్రం మొదటి ఊరిదే.

కుర్రాళ్ల పేర్లకు తడబడతాడు గానీ
మోకాళ్లను మర్చిపోడు.

ఈ శనివారం అవతలి జట్టులో ట్రేవియన్.
పోయిన ఊళ్లో, తెల్లారకముందే,
"ఇంకొక్కటిరా" అంటూ ఉత్త బారు కింద
తొమ్మిది నెలలు నిలబెట్టిన మోకాలు, ఎడమది.

ముగ్గురు మీద పడ్డారు.
కుప్ప విడింది, ఒక్కొక్కడుగా.
అడుగునున్నవాడు
ఎడమ కాలే ముందు మోపి లేచాడు.

చుట్టూ తనవాళ్లు తిట్టుకుంటుంటే
వెండెల్ రెండు చేతులూ జేబుల్లో దాచుకున్నాడు,
చప్పట్లు బయటపడకుండా.