దంతం వంపు

జకరయ్య బాబాయి అచ్చు విప్పుతుంటే
లైటు పట్టుకునేది నేనే.

యానాం గుడి బీరువాలో అసలు బొమ్మ:
జానెడు మరియమ్మ, చంకలో బిడ్డ.
ఏనుగు దంతం ఎటు వంగితే
అటే వాలింది ఆవిడ నడుము.
మాది ప్లాస్టర్ ముద్ద. దీని వెనక ఏ ఏనుగూ లేదు,
నిటారుగా నిలబడొచ్చు.
అయినా వాలే పుట్టింది.

అసలుదాని మెడ మీద వెంట్రుకంత బీట.
అదీ దిగింది.
పూడ్చనా అంటే కసిరాడు:
"అదీ లెక్కలోదే. ఉండనీ."

డికాషన్‌లో గుడ్డ ముంచి మూడు పూతలేస్తే
మూడొందల ఏళ్ళు వచ్చేస్తాయి ఒంటికి.

గౌతమి పొంగిన ఏడు
సెబస్తియమ్మ ఇంట్లో మొలలోతు నీళ్ళు.
గూట్లో బొమ్మ కింద నుంచి నాని
పాదాలు పోయాయి.
పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది.
కొత్తది ఊరికే ఇస్తానన్నాడు బాబాయి.
"రెండు రాత్రులు నాతో నీళ్ళలో నిలబడింది ఇది.
కాళ్ళు పెట్టివ్వు, చాలు."

పాదాలకి విడిగా అచ్చు లేదు.
కాసేపు నా కాళ్ళకేసి చూసి
ముద్ద కలిపాడు.
చేత్తోనే, వెడల్పుగా, వేళ్ళు విడివిడిగా,
ఊడ్పుల్లో దిగిన పాదాలు.

ఆరాక డికాషన్ గిన్నె అందిస్తే
పక్కకి జరిపాడు.
ఆ తెల్ల కాళ్ళతోనే
ఇంటికి వెళ్ళింది ఆవిడ.