తెలిసినవి తీసేశాక

తార్తులో ఫిబ్రవరి. పొద్దున ఎనిమిదయినా
కిటికీలో ఇంకా నిన్నటి రాత్రే.
ఉర్వె కోటు విప్పలేదు. బల్ల మీద
ఒక కలప కంపెనీ గుమాస్తా కంప్యూటర్,
పసుపు సంచీలో, పోలీసుల సీలుతో.
మనిషి పేరు హెల్దుర్ కూసిక్.
కేసు: దొంగ రవాణా పత్రాలు.

నాలుగు లక్షల పదకొండు వేల ఫైళ్ళు.
ఎవరు చదువుతారు అన్నీ?
చదవరు. చెరుగుతారు.

పక్క గదిలో కప్పు దాకా అట్టపెట్టెలు.
ముప్పయ్యేళ్ళుగా కొని పెడుతోంది లెయిదా:
పన్ను లెక్కలు కట్టేవి, పేకాటలు,
పిల్లలకి ఫిన్నిష్ నేర్పే సీడీలు,
లోకంలో ఎవరి దగ్గరా లేని ప్రింటర్ల డ్రైవర్లు,
ఒకటైతే సంతలో, ఊరేసిన దోసకాయల సీసాతో కలిపి బేరం.
ఒక్కో ఫైలునీ ఒకసారి మర ఆడిస్తే
అరవై నాలుగు అక్షరాల పిండి.
అదే ఫైలైతే అదే పిండి, ఏ దేశంలో ఆడించినా.
పిండి నుంచి గింజ మాత్రం తిరిగి రాదు.

ఇక్కడ పేరు అడగరు.
పేరుదేముంది, ఒక్క నొక్కుతో మారుతుంది.
తేదీ సిగ్గులేకుండా అబద్ధమాడుతుంది.
పొల్లు పోకుండా అదేనా, కాదా?
పొల్లు పోయిందో,
రెండు పిండ్లకీ చుట్టరికమే ఉండదు.
'కొంచెం తేడా' అనే మాట ఆ మరకి రాదు.

మర తిరిగింది. లెయిదా కాఫీ తెచ్చింది.
గడియారం బొమ్మ, తెలిసినదే.
చెత్తబుట్టలో కాగితం నలిగే చప్పుడు,
కోట్ల మంది విన్నదే, పో.
మిగిలినవి రెండు వేల చిల్లర.
"మనిషంటే అంతే కాబోలు,
అందరిదీ తీసేస్తే మిగిలేది" అంది లెయిదా.
ఉర్వెకి ఇలాంటి మాటలు నచ్చవు. కాఫీ తాగింది.

ఉత్తరాలు. పడవ ఇంజను బిల్లు. ఒక పంటి ఎక్స్‌రే.
వాటి మధ్య ఒక ఫాంటు.

దీనికిక్కడేం పని?
ప్రతి కంప్యూటర్లోనూ ఉండేదే.
అదే పేరు, బైటుకి బైటు అదే పొడవు.
పిండి వేరు.
వైరసేమో అనుకుంది.
అసలుదాన్ని పక్కన పెట్టుకుని
అక్షరం తర్వాత అక్షరం, మధ్యాహ్నం దాకా.

õ దగ్గర దొరికింది.
సున్న లాంటి అక్షరం, నెత్తిన చిన్న అల.
మనకి తలకట్టు ఎలాగో వాళ్ళకి అది.
అది ఎగిరిపోతే వాళ్ళ చెవి కాస్తా బుట్ట అయిపోతుంది.
కంపెనీవాళ్ళ అల బిగుసుకుని ఉంటుంది,
ఫొటోకి నిలబెట్టిన పెళ్ళికొడుకులా.
ఎవరో దాన్ని వంచారు. ఎడమ కొస కాస్త పైకి,
కుడి కొస నీళ్ళలోకి జారుతున్నట్టు.
కదిపింది ఆరు చుక్కలు.
ఎవరూ అడగని పని. ఎవరికీ కనబడని పని.

దొంగ పత్రాలు తెప్పించి భూతద్దం పెట్టింది.
ముప్పై ఏడు. సీళ్ళు దివ్యంగా ఉన్నాయి,
సంతకాలు అసలువాటికన్నా నయం.
కలప బయలుదేరిన ఊరు పోల్వా.
ఆ ఊరిపేరులో, ముప్పై ఏడు సార్లూ,
అల నీళ్ళలోకి జారుతోంది.

ఎందుకు మార్చావని విచారణలో అడిగారట.
"చూడలేకపోయాను" అన్నాడట హెల్దుర్.
డబ్బు సంగతి అడిగితే నోరు విప్పలేదు.

నివేదికలో ఉర్వె ఒక్క వాక్యం రాసింది, విశేషణాలు లేకుండా.
ఫాంటుని మరలో వేసింది.
జాబితాలు రెండు: చూడనక్కర్లేనివి,
చూడగానే ఆపవలసినవి.
ఏది ఎందులోకో తెలియనిది కాదు.
అయినా చెయ్యి కాసేపు ఆగింది.
రెండోదాంట్లోనే చేర్చింది.

బస్సు ఆలస్యం.
స్టాపు బోర్డు మీద õ.
ఇన్నేళ్ళుగా ఆ కింద నిలబడుతూనే ఉంది తను.
మంచు దులుపుకుని తలెత్తి చూసింది.
నిజమే, బాగా లేదు.