ఎప్పట్లాగేనా

మల్కాపురం సెలూన్లో
సూరిబాబు గుడ్డ దులిపి మావాడి మెడకి చుట్టి
అలవాటుగా అడిగేశాడు:
"ఎప్పట్లాగేనా?"
అడిగాక నాలిక కరుచుకున్నాడు.
అద్దంలో నా కళ్ళకి దొరక్కుండా
దువ్వెనలో లేని వెంట్రుకలు ఏరుతున్నాడు.

ఎప్పట్లాగంటే, ఎప్పట్లాగ?

సింధియా మలుపులో స్కూలు ఆటో పల్టీ కొట్టకముందు
ధీరజ్‌కి పదేళ్ళు.
డాబా మీంచి హారను విని
అది టగ్గో, ఖనిజం ఓడో, నేవీదో చెప్పేసేవాడు.
ఇరవయ్యేళ్ళుగా హార్బర్లో ఓడలకి తాళ్ళు కడుతున్నవాణ్ణి,
నాకంటే ముందు వాడికి తెలిసేది.
"నీ ఓడొచ్చింది నాన్నా, లెగు."

ఇప్పుడు హారను మోగితే
రెండు చెవులూ మూసుకుని మంచం కిందకి దూరతాడు.
పదకొండేళ్ళ కాళ్ళు బయటే ఉండిపోతాయి.

కేజీహెచ్‌లో నలభయ్యొక్క రోజులు.
మెట్ల మీద అన్నం, మెట్ల మీదే నిద్ర.
కింద ఎక్కడో సముద్రం, దాని పని దానిదే.
తల తెరిచే ముందు జుట్టంతా తీసేశారు.
ఆ పూటే గౌరీశ్వరి సింహాచలం వైపు తిరిగి
"అప్పన్నా, ఈడి జుట్టు నీకే" అని మొక్కింది.
జుట్టు అప్పటికే
పేపర్లో చుట్టేసి చెత్తడబ్బాలో ఉంది.

చూడ్డానికొచ్చిన వాళ్ళందరిదీ ఒకటే మాట:
ప్రాణం దక్కింది, అదే పదివేలు.
నిజమే. తలూపాం.
దక్కనిదేంటో అడగడానికి
ఏ మాట వాడాలో వాళ్ళకీ తెలీదు, మాకూ తెలీదు.
పోయినవాడికైతే పదోరోజుంది,
మాసికముంది, ఫొటోకి దండుంది.
ఎదురుగా కూచుని ఇడ్లీ తింటున్న పిల్లాడి కోసం
ఎటు తిరిగి ఏడవాలి?

నేను నైట్ డ్యూటీలో ఏడుస్తాను,
తడి తాడు మోకాళ్ళ మీద వేసుకుని.
ఆవిడ కుళాయి తిప్పి ఏడుస్తుంది,
నీళ్ళొచ్చే పూట మాత్రమే.

వాడి మాటలు చోట్లు మారిపోయాయి.
సముద్రాన్ని ఉప్పు అంటాడు.
మెట్లని పళ్ళు అంటాడు.
ఫ్యాను అంటే ఇంటికెళ్ళిపోదామని.
వాడి పాత లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో
గౌరీశ్వరి అన్నీ రాసుకుంటుంది.
ముందు పేజీల్లో వాడి గుండ్రటి అంకెలు,
టీచరు ఎర్ర టిక్కులు.
నేనా పుస్తకం ముట్టుకోను.
"ఉన్నోడితో మాటాడవేటి?" అందొకసారి.
లేనివాడి సంగతి నేనెత్తలేదు.

జుట్టు మళ్ళీ పెరిగింది.
చెవి మీంచి నడినెత్తి దాకా
కుట్ల దారిని మూసేసింది.
ఆవిడకది అప్పన్న బాకీ.
నాకు, ఇంటి మీద కప్పు.
కొండ మీద గుండు చేయిస్తే
అదంతా మళ్ళీ కళ్ళబడుతుంది.
"ఈ ఏడొద్దులే" అన్నాను.
మూడ్రోజులు మాటల్లేవు.
నాలుగోనాడు, చెవుల మీద పడుతోందని వంక పెట్టుకుని
ఆవిడకి చెప్పకుండా ఇక్కడికి తెచ్చాను.

సూరిబాబు కత్తెర ఆడించాడు.
ఒక పక్క అయింది.
"ఫ్యాను" అన్నాడు మావాడు, మెల్లగా.
అతను గబుక్కున వెళ్ళి ఫ్యాను వేశాడు.
"ఫ్యాను."
స్పీడు పెంచాడు. మెడ చుట్టూ గుడ్డ ఎగిరింది.
"ఫ్యాను ఫ్యాను ఫ్యాను."
"తిరగతంది కదా బాబూ" అని
సూరిబాబు పైకి చూస్తున్నాడు.

వాడు పైకి చూడట్లేదు.
అద్దంలో నన్ను చూస్తున్నాడు.

"పదరా" అన్నాను. "ఇంటికే."

సగం తలతో మెయిన్ రోడ్డు మీద,
వాడి అడుగుకి నా అడుగు తగ్గించుకుంటూ.
బస్సులోంచి ఎవరో నవ్వారు. నవ్వనీ.

గుమ్మంలో ఆవిడ
వాడి తల ఇటూ అటూ తిప్పి చూసింది.
తిడుతుందనుకున్నాను.
"మిగిల్చింది అప్పన్నకి" అంది.
కాసేపాగి,
"మధ్యలో ఎందుకొచ్చేసారు?"

"ఫ్యాను అన్నాడు" అన్నాను.