రాస్తవా, పట్టుకుంటవా

ఇరవై మూడేళ్లు ఒక తీగ వెంట నడిచాను.
నది ఒడ్డున దాన్ని దంచేవాళ్లు,
ఆకు కలిపి రాత్రంతా కాచేవాళ్లు,
తెల్లబట్టలు కట్టి, వరస చెదరకుండా నిలబడి
కీర్తన పాడి తాగేవాళ్లు.
వాళ్ల మధ్య నేనొక నోటుబుక్కుని.

వాంతిని వాళ్లు కడుగు అంటారని రాసి
డాక్టరేటు తెచ్చుకున్నాను.
మౌఖిక పరీక్షలో ఒకాయన కళ్లజోడు తుడుచుకుంటూ
"మరి మీరూ తాగారా?" అన్నాడు.
పాల్గొంటూ పరిశీలించానన్నాను.
అందరూ నవ్వారు. గట్టెక్కాను.

ఇప్పుడు సొహార్‌లో రెండేళ్ల కాంట్రాక్టు.
సిలబస్‌లోంచి ఆ తీగ పేరు తీసేయమన్నారు,
మర్యాదగానే, ఖర్జూరం, కహ్వా ముందుపెట్టి.
తీసేశాను.
ఏడోవారం ఎదుట ఇప్పుడొక గీత ఉంది.

శుక్రవారం రాత్రి, రేవు వెనక క్యాంపు, పద్నాలుగో నంబరు గది.
ఎనిమిది మంచాలు. ఒకదాని మీద పరుపు చుట్టేసి ఉంది.
ఆ పరుపు మనిషి పరంజా మీంచి పడ్డ నాటినుంచీ
పక్కమంచం మల్యాల గంగరాజానికి కన్ను మూతపడలేదు.
పదకొండు రాత్రులు.

వంటచేసే లచ్చన్న బైండ్లాయన.
జమిడిక మెట్‌పల్లిలో మేకుకి వేలాడుతోంది,
ఇక్కడ పామాయిలు డబ్బా, గరిటె.
పసుపు మలబారోళ్ల కొట్టుది.
వేపరెమ్మ రౌండబౌట్ దగ్గర, ఎవరూ చూడకుండా తుంచింది.
తాగడానికేం లేదు, స్టీలు గ్లాసులో లబన్ తప్ప.

డబ్బా మోగింది.
ఎల్లమ్మ పేరు, వాచ్‌మన్‌కి వినపడనంత మెల్లగా.
నా పెన్ను దానంతటదే లేచింది:
దరువు, ఎంతసేపు, ఎవరు ఎటు తిరిగి కూచున్నారు...
గంగరాజం వణికాడు. వంగాడు.
లబనూ, పదకొండు రాత్రులూ బకెట్లోకి.

"మేడం," లచ్చన్న దరువు ఆపకుండానే,
"రాస్తవా, పట్టుకుంటవా?"

పట్టుకున్నాను.
నుదురు వేడి, తడి, సిమెంటు వాసన.
ఒకప్పుడు నా నుదుటి కింద ఇలాగే
ఒక ముసలామె అరచెయ్యి ఉండింది.
నలభై ఒక్క వ్యాసాలు, ఏ అధోజ్ఞాపికలోనూ ఆ చెయ్యి లేదు.
ఇరాసెమా ఆమె పేరు.
వేళ్లకి ఉల్లిపాయ వాసన.

నాలుగున్నరకి కంపెనీ బస్సు హారన్ కొట్టింది, రెండుసార్లు.
గంగరాజం గురక పెడుతున్నాడు. ఎవరూ లేపలేదు.
ఒకరోజు కోత, నాలుగు రియాళ్లు,
తలా కొంత వేసుకుందామని గుమ్మంలో చెప్పుల దగ్గర గుసగుస.
లచ్చన్న డబ్బా తుడిచి
మళ్లీ బియ్యం పోశాడు.